శనక్కాయల బకెట్

తలుపు తీయగానే ముందు తగిలింది దాల్చినచెక్క కలిపిన వెన్న వాసన. దాని వెనకే నిప్పు మీద కాలే మాంసం పొగ. పొద్దున్నుంచీ చర్చిలో కూర్చుని, తర్వాత సమాధి దగ్గర చలిలో నిలబడి వచ్చినవాణ్ణి, ఆ వాసనకి ఒక్కసారిగా ఆకలేసింది. చావుకి వచ్చి ఆకలేయడం ఏమిటని సిగ్గు కూడా వేసింది.

పోయినాయన అమెరికాలో నా మొదటి మేనేజర్. అంతా అయ్యాక వాళ్ళావిడ, "చర్చి హాల్లో పెట్టే శాండ్‌విచ్‌లు ఆయనకి ఎప్పుడూ నచ్చలేదు. ఆయన టేబుల్ దగ్గరికే పోదాం రండి" అంది. ఆయన టేబుల్ ఎక్కడో మాలో ఎవరికీ చెప్పక్కర్లేదు. కెంటకీలోని లూయీవిల్ నుంచి ఒహాయో నది మీద వంతెన దాటితే ఇండియానా రాష్ట్రం. దిగిన కాసేపటికే క్లార్క్స్‌విల్. అక్కడి టెక్సాస్ రోడ్‌హౌస్‌లో, వంటగది చప్పుళ్ళు వినపడే మూల టేబుల్.

ఒక సంగతి ముందే చెప్పేస్తాను. నేను బీఫ్ తినను. మా ఆవిడ అసలు మాంసమే ముట్టదు. అయినా ఈ దేశంలో మా ఇంట్లో ఏ మంచి జరిగినా, గ్రీన్ కార్డు వచ్చినా, అమ్మాయి పుట్టినరోజైనా, మేము వెళ్ళి కూర్చున్నది స్టేక్‌హౌస్‌లోనే, అంటే మందపాటి బీఫ్ ముక్కలు నిప్పు మీద కాల్చి పెట్టే హోటల్లోనే. తెలిసినవాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

*

నేను వచ్చింది వైటూకే పని మీద. కోబాల్ అనే పాత కంప్యూటర్ భాష వచ్చు అంటే చాలు, విమానం ఎక్కించేస్తున్న రోజులు. పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెల చోటే ఉండేది. 99 తర్వాత 00 వస్తే మిషన్ దాన్ని 1900 అనుకుంటుందని భయం. ఆ రెండంకెలు ఎక్కడెక్కడ నక్కి ఉన్నాయో వెతికి పట్టుకోవడమే ఉద్యోగం. డిసెంబర్ 31 రాత్రి అందరం ఆఫీసులోనే ఉన్నాం. పన్నెండు దాటింది. ఏమీ కాలేదు. ఏమీ కాకూడదనే అంత పని చేశాం కాబట్టి, మేం చేసినదేమిటో ఎవరికీ చూపించుకోవడానికీ లేదు.

మేనేజర్ మాత్రం జనవరిలో ఒక శుక్రవారం సాయంత్రం పన్నెండు మందినీ కార్లెక్కించి నది దాటించాడు. అందరికీ స్టేక్ తినిపిస్తానన్నాడు. దారి పొడుగునా నాకు టెన్షన్. చాకు ఏ చేత్తో పట్టుకోవాలో తెలియదు. తిననని ఎలా చెప్పాలో అంతకన్నా తెలియదు. కంపెనీలో పెద్దవాడు పిలిచి పెడుతుంటే వద్దనడం మాకు అలవాటు లేని పని.

లోపల అడుగు పెడితే కాళ్ళ కింద కరకర. ఏమిటా అని చూస్తే నేలంతా శనక్కాయ తొక్కలు. గుమ్మం దగ్గర ఒక పెద్ద పీపా నిండా వేయించిన శనక్కాయలు. జనం గుప్పెళ్ళతో తీసుకుంటున్నారు, వలుస్తున్నారు, తొక్కలు అక్కడే పారేస్తున్నారు. పక్కనే అద్దాల పెట్టెలో మాంసం ముక్కలు వరసగా పేర్చి ఉన్నాయి. నచ్చిన ముక్క చూపించి, ఇది కాల్చి పెట్టమని అడగొచ్చట. నేను ఆ వైపు చూడకుండా గోడ మీది బొమ్మలు చూస్తూ నిలబడ్డాను. చేతిలో ఒక నల్లటి బిళ్ళ పెట్టారు. టేబుల్ ఖాళీ అయితే అదే ఎర్ర లైట్లేసుకుని గుర్రుమంటుంది. అది మొదటిసారి గుర్రుమన్నప్పుడు పురుగేమో అనుకుని దాదాపు పారేశాను.

కూర్చోగానే బుట్ట నిండా వేడి బన్నులు, చిన్న గిన్నెలో ఆ దాల్చినచెక్క వెన్న. తేనె కూడా కలుపుతారు దాంట్లో. నేను మూడు తిన్నాను. నాలుగోదానికి చెయ్యి చాపాక, అసలు భోజనం ఇంకా రాలేదని గుర్తొచ్చింది.

మెనూ చూస్తే ఆరు ఔన్సులు, ఎనిమిది, పన్నెండు, పదహారు. అంకెలన్నీ చదవగలను, ఏ పేరు ఏ భాగమో తెలియదు. సర్వర్ అమ్మాయి మా టేబుల్ పక్కన గొంతుక్కూర్చుని ఒక్కొక్కరినీ ఒకటే ప్రశ్న అడుగుతూ వస్తోంది: ఎంత కాలాలి? మీడియం. మీడియం రేర్. వెల్ డన్. వంతు నా దాకా వచ్చింది. "చికెన్" అన్నాను. గొంతు సరిగ్గా రాలేదు. మేనేజర్ తలెత్తకుండా, మెనూ మడుస్తూ, "అతని చికెన్‌ని, స్టేకులు కాల్చే చోట కాదు, వేరే పెనం మీద చేయించమ్మా" అన్నాడు. నేను అడగలేదు. అడగాలని కూడా నాకు తోచలేదు.

*

ఎంత కాలింది అనేది ఎలా తెలుస్తుందని ఆ రాత్రే అడిగాను. ఆయన ఎడమ చెయ్యి చాచమన్నాడు. బొటనవేలి మొన చూపుడువేలికి తాకించి, బొటనవేలి కింద దిండులా ఉండే కండని రెండో చేత్తో నొక్కమన్నాడు. మెత్తగా ఉంది. "రేర్" అన్నాడు, అంటే లోపల ఇంకా పచ్చిదే. మధ్యవేలికి తాకిస్తే కండ కొంచెం బిగిసింది, అది మీడియం రేర్. ఉంగరపువేలికి మీడియం. చిటికెనవేలికి తాకించేసరికి గట్టిపడిపోయింది. "అది వెల్ డన్, అలా తినేవాళ్ళతో నేను మాట్లాడను" అన్నాడు. ఎదురుగా వెల్ డన్ చెప్పుకున్న టెస్టింగ్ లీడ్ నాప్కిన్ ఉండ చుట్టి ఆయన మీదికి విసిరాడు.

ప్లేటులోకి దిగే ఆ ఎరుపు నెత్తురు కాదనీ, కండలో ఉండే మయోగ్లోబిన్ అనే పదార్థం నీళ్ళలో కలిసి అలా కనబడుతుందనీ కూడా ఆయనే చెప్పాడు. నాకు ధైర్యం చెప్పాలని చెప్పినట్టున్నాడు. పెద్దగా పనిచేయలేదు.

ఆయనకి ఇవన్నీ తెలియడంలో వింత లేదు. కెంటకీలో పశువుల ఫారంలో పుట్టి పెరిగినవాడు. మాదీ వ్యవసాయమేననీ, అనంతపురం జిల్లాలో మా నాయనకి శనక్కాయ పొలం, ఒక జత ఎద్దులు ఉన్నాయనీ చెప్పాను. వాటికి పేర్లున్నాయా అని అడిగాడు. "రాముడు, భీముడు" అన్నాను. ఆ రెండు మాటలూ పలకడానికి నాలుగుసార్లు ప్రయత్నించాడు. తర్వాత ఫోర్కు కింద పెట్టి, "మా నాన్న మమ్మల్ని పేర్లు పెట్టనిచ్చేవాడు కాదు. అమ్మేవాటికి పేరు పెడితే, లారీ వచ్చిన రోజు కష్టమనేవాడు" అన్నాడు.

అప్పట్నుంచి ప్రతి ఏడూ కొత్త సంవత్సరం రోజు ఆయన నన్ను అడిగే మొదటి ప్రశ్న, మీ రాముడూ భీముడూ ఎలా ఉన్నారని.

*

టిప్పు సంగతి చెప్పకపోతే ఈ కథ నిజాయితీగా ఉండదు.

మా ఆవిడ ఇండియా నుంచి వచ్చిన వారానికి తనని అక్కడికే తీసుకెళ్ళాను. పెద్ద అనుభవం ఉన్నవాడిలా పీపాలోంచి శనక్కాయలు తీశాను, బన్నులు మళ్ళీ తెప్పించాను. బిల్లు ముప్పై డాలర్ల దాకా అయింది. రెండు డాలర్లు టేబుల్ మీద పెట్టి, ధర్మరాజులా బయటికొచ్చాను. సోమవారం ఈ గొప్ప సంగతి మేనేజర్‌కి చెప్పుకుంటే ఆయన తల పట్టుకున్నాడు. టిప్పులొచ్చే పనివాళ్ళకి ఫెడరల్ చట్టం ప్రకారం యజమాని గంటకి 2.13 డాలర్లు ఇస్తే చాలు. అప్పట్లో మామూలు కనీస వేతనం 5.15. మధ్యలోది టిప్పుల్లోంచి రావాలి, టిప్పులు కలిపినా అందకపోతేనే యజమాని పూరించాలి. 1991 నుంచీ అదే 2.13. ఇప్పుడు మామూలు వేతనం 7.25 అయినా, ఆ అంకె మాత్రం కదల్లేదు.

మళ్ళీ శుక్రవారం పది డాలర్ల నోటు జేబులో పెట్టుకుని ఒక్కణ్ణే వెళ్ళాను. ఆ అమ్మాయి ఉంది. పోయిన వారం పొరపాటైందని నోటు ఇచ్చాను. తీసుకుని థాంక్స్ చెప్పింది కానీ, నేనెవరో ఆమెకి గుర్తే లేదు. ఆ వారమంతా ఆ పిల్ల నన్ను తిట్టుకుంటోందనుకుని నేను సరిగ్గా నిద్రపోలేదు!

*

మా ఆవిడకి స్టేక్‌హౌస్ అంటే పక్క వంటకాల హోటల్. సైడ్స్ అంటారు. ఏవైనా నాలుగు ఎంచుకుంటే అదే ఒక ప్లేటు భోజనం. తను అందులో ఆరితేరింది. కాల్చిన బంగాళాదుంప, ఉడికించిన బ్రోకలీ, సలాడ్, మొక్కజొన్న. దుంప మీద బేకన్ ముక్కలు వద్దు, సలాడ్‌లో వద్దు అని అక్షరం పొల్లుపోకుండా చెబుతుంది. ఒక్కసారి మాత్రం దెబ్బతింది. అది ఇక్కడ కాదు, దక్షిణంగా కారులో వెళుతూ దారిలో ఆగిన ఇంకో చోట. బీన్స్ బాగున్నాయి, మన పోపు రుచి వచ్చిందంటూ సగం గిన్నె ఖాళీ చేసింది. తర్వాత స్పూనుకి గులాబీ రంగు ముక్క తగిలింది. ఇక్కడి దక్షిణాదిలో బీన్స్ ఉడికించేటప్పుడు పంది మాంసం వేయడం మామూలే, మేమే అడగలేదు. తను లేచి వెళ్ళి నోరు కడుక్కొచ్చి, మిగతా ప్రయాణమంతా ఒక్క మాట మాట్లాడలేదు. రాత్రి లైటు ఆర్పాక, "రుచి మాత్రం బాగానే ఉంది" అంది. ఇది రాస్తున్నట్టు తనకి చెప్పలేదు.

*

మధ్యలో ఒక మాట. పేరులో టెక్సాస్ ఉంది కదా అని నేను చాలా ఏళ్ళు ఆ కంపెనీ టెక్సాస్‌లో పుట్టిందనుకున్నాను. దాని మొదటి హోటల్ 1993లో వచ్చింది ఈ క్లార్క్స్‌విల్‌లోనే. పెట్టినాయన కెంట్ టేలర్, లూయీవిల్ మనిషి. పెట్టుబడి కోసం తిరిగి తిరిగి, చివరికి కెంటకీలోని ఎలిజబెత్‌టౌన్‌కి చెందిన ముగ్గురు గుండె డాక్టర్లని ఒప్పించాడు. వాళ్ళలో ఇద్దరు భారతీయ మూలాలున్నవాళ్ళు. ఈ సంగతి తెలిసిన రోజు మా మేనేజర్‌కి చెబితే, "స్టేకులు అమ్మడానికి గుండె డాక్టర్లే డబ్బు పెట్టారా? తెలివైనవాళ్ళు" అని పడీ పడీ నవ్వాడు.

*

మా నాయన ఒక్కసారే వచ్చాడు అమెరికాకి. పాస్‌పోర్టులో ఆయన పుట్టినరోజు జూలై 1. ఆ కాలంలో బడిలో వేసిన సగం మంది పిల్లల్లాగే అది అయ్యవారు రాసిన తేదీ. "మా అమ్మకే తెలీదురా నేను యెప్పుడు పుట్టింది" అనేవాడు. అయినా మా అమ్మాయి ఊరుకోలేదు, తాతకి పుట్టినరోజు చేయాల్సిందే. దానికప్పుడు ఆరేళ్ళు. ముందటేడు పుట్టినరోజని దాన్ని అక్కడ గుర్రపు జీను మీద కూర్చోబెట్టి సర్వర్లంతా 'యీ-హా' అని అరిస్తే బెదిరి ఏడ్చింది. ఆ ఏడు మాత్రం తాత కూర్చుంటే తనూ కూర్చుంటానంది.

నాయన గుమ్మంలోనే ఆగిపోయాడు. నేల మీది తొక్కలు చూసి, "ఏందిరా నాయనా ఇది? కళ్ళం ఊడ్చలేదా?" అన్నాడు. ఇక్కడ పారేయడమే పద్ధతని చెప్పాను. నమ్మలేదు. టేబుల్ మీద పెట్టిన చిన్న రేకు బకెట్లోంచి ఒక కాయ తీసి, చెవి దగ్గర పెట్టి ఆడించాడు. రెండు వేళ్ళతో కాయ ముక్కు దగ్గర నొక్కాడు, టప్పుమని విచ్చుకుంది. మా పొలంలో వేసేది టీఎంవీ-2 రకం, గింజ చిన్నది. ఇది దానికి దాదాపు రెండింతలుంది. గింజ నోట్లో వేసుకుని ఆగాడు. తొక్కని తిప్పి తిప్పి చూశాడు. "కాయ పగల్లేదు. లోపలికి ఉప్పు ఎట్ల పోయిందిరా?"

నేను అప్పటికి ఆ కాయలు కొన్ని వేలు తిని ఉంటాను. ఆ ప్రశ్న ఒక్కసారి కూడా రాలేదు నాకు. తర్వాత చదివి తెలుసుకున్నాను. కాయల్ని ఉప్పునీళ్ళలో వేసి, గాలి లాగేసి, నీళ్ళు తొక్కలోంచి లోపలికి దూరేలా చేసి, ఆరబెట్టి వేయిస్తారట. ఆ పూట మాత్రం నాకేం తెలియదని ఒప్పుకున్నాను. ఆయన వలిచిన తొక్కలు ఒక్కటి కూడా కింద వేయలేదు. కాగితపు నాప్కిన్ పరిచి, అందులో పోగేసి, పొట్లం కట్టాడు. "ఊడ్చేది ఎవురో ఒగరు ఉంటారు గదా" అన్నాడు.

మేనేజర్ కూడా వచ్చాడు, నాయనని చూడాలని. ఇద్దరి మధ్యా నేను దుబాసీని. ఆయన పర్సులోంచి తమ ఫారంలోని నల్ల ఆంగస్ జాతి పశువు ఫోటో తీసి చూపించాడు. నాయన కళ్ళజోడు సర్దుకుని, "మూపురం ఏదిరా దీనికి?" అన్నాడు. మేనేజర్ ఆ ప్రశ్నకి ఎంత సంతోషించాడో! మూపురం ఉన్నవి టెక్సాస్ వైపు ఉన్నాయనీ, వాటి పేరే బ్రాహ్మన్ అనీ, ఎండకీ గోమార్లకీ తట్టుకుంటాయని ఇండియా పశువుల్ని తెచ్చి కలిపి ఆ జాతిని తయారుచేశారనీ చెప్పాడు. అందులో గిర్ ఉంది, నెల్లూర్ అని ఇంకోటి ఉందన్నాడు. నెల్లూర్ అంటే మన ఒంగోలు జాతే అని నేను విడమరిస్తే, నాయన కుర్చీలో కొంచెం నిటారుగా కూర్చున్నాడు.

అప్పుడు మేనేజర్ ప్లేటు వచ్చింది. మీడియం రేర్. నాయన దాన్ని చూశాడు, ముఖం తిప్పుకోలేదు. కాసేపాగి, "ఎన్నేండ్ల దాన్ని కోస్తారో అడుగు" అన్నాడు. నేను నసిగాను. అడగమన్నాడు. అడిగాను. మేనేజర్ ఏడాదిన్నర, మహా అయితే రెండేళ్ళ లోపు అని చెప్పాడు.

"కాడి పెట్టే ఈడు కూడా రాల్యా" అన్నాడు నాయన.

అనువాదం చేయాలా వద్దా అని ఒక్క క్షణం చూశాను. చేశాను. మేనేజర్ చాకు పట్టుకుని అలాగే ఉండి, "అవును, రాలేదు" అన్నాడు. తర్వాత కోసుకుని తిన్నాడు. నాయన తన చికెన్ తిన్నాడు. ఇద్దరూ వానల గురించి మాట్లాడుకున్నారు.

జీను తెచ్చారు. నాయన దాని మీద ఎక్కి, ముందున్న కొమ్ముని రెండు చేతులతో పట్టుకున్నాడు. వెనక మనవరాలు. హోటలంతా 'యీ-హా' అని అరిచింది. నాయన అరవలేదు. నాలుక మడిచి, ఎద్దుల్ని అదిలించేటప్పుడు చేసే చప్పుడు ఒకటి చేశాడు, ట్ట ట్ట ట్ట అని. మేనేజర్ చప్పట్లు ఆపి ఆ చప్పుడే విన్నాడు.

*

ఎద్దుల్ని నాయన తర్వాత అమ్మేశాడు. ట్రాక్టరు వచ్చింది, మేత దొరకడం కష్టమైంది. ఆ కొత్త సంవత్సరం మేనేజర్ అలవాటుగా అడిగితే చెప్పాను. "రెండూ ఒకరికేనా?" అని మాత్రం అడిగాడు. ఒకరికే అన్నాను. మంచిదన్నాడు. నాయన కూడా ఫోన్ చేసినప్పుడల్లా "ఆ పశువులాయన బాగుండాడా?" అని అడుగుతుండేవాడు, ఉన్నన్నాళ్ళూ.

అమ్మాయికి పదమూడేళ్ళు వచ్చాక జీను గురించి సర్వర్లకి చెప్పొద్దని బతిమాలేది. మేము మాటిచ్చి వెళ్ళాం. మేనేజర్ మాటివ్వలేదు కాబట్టి ఆయన చెప్పేశాడు. పద్దెనిమిదో పుట్టినరోజుకి అది మెనూ మూసి, సిర్లాయిన్ స్టేక్, ఆరు ఔన్సులు, మీడియం అంది. మా ఆవిడ నా వైపు చూసింది. నేను బల్ల కింద బొటనవేలిని ఉంగరపువేలికి తాకించి చూసుకుంటున్నాను. ఆ సంగతి మీద ఇంట్లో ఒక నెల నడిచింది. అది వేరే కథ.

*

మొన్న అక్కడ పదిహేను మందిమి కూర్చున్నాం. నేల శుభ్రంగా ఉంది, చెప్పు కింద చప్పుడు లేదు. బకెట్లు లేవు. శనక్కాయలు అడిగితే ఒక చిన్న పొట్లం తెచ్చి ఇచ్చారు. నల్ల బిళ్ళ కూడా లేదు, టేబుల్ ఖాళీ అయితే ఫోన్‌కి మెసేజ్ వస్తుంది. బన్నులు మాత్రం అవే.

పొట్లం విప్పి వాళ్ళావిడ ముందుకి జరిపాను. ఆయన ఎప్పుడూ బకెట్‌ని మా వైపు జరిపేవాడని, ఇరవై ఏళ్ళలో ఒక్క కాయ కూడా తను తీసుకోవడం చూడలేదని, మా నాయన శనక్కాయ రైతని తెలిసి మర్యాదకి అలా చేసేవాడని అనుకునేవాణ్ణని చెప్పాను.

ఆవిడ నా వైపు వింతగా చూసి, పొద్దున్నుంచీ మొదటిసారి నవ్వింది. "మర్యాదా? ఆయన ముందు పళ్ళు కట్టుడు పళ్ళు. పలుకులు వాటి కింద దూరితే ప్రాణం పోయేది ఆయనకి. పదిహేనేళ్ళప్పుడు పెయ్య ఒకటి తన్నింది."

నేను వలుస్తున్న కాయ చేతిలోనే ఆగిపోయింది. అడగకూడదేమో అనుకుంటూనే, ఆ పెయ్యకి పేరుందా అని అడిగాను.

"డైసీ" అంది ఆవిడ, గొంతు తగ్గించి. "వాళ్ళ నాన్నకి చివరిదాకా చెప్పలేదు."